కంప్యూటర్లో వాన, కొంటాలో వాన

బస్తర్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా రాజమండ్రిలో అందరూ రెండే అడుగుతున్నారు. భయం వెయ్యలేదా అని, జలపాతాలు చూశావా అని. భయం వేసిన మాట నిజమే, కాకపోతే అది వాళ్ళనుకునే భయం కాదు, అత్తగారిని వెంటబెట్టుకుని ప్రయాణం కట్టిన కోడలి భయం. జలపాతాల సంగతి అడక్కండి, ఒక్కటీ చూడలేదు. అంత దూరం వెళ్ళి నేను కళ్ళారా చూసి వచ్చింది కొంటాలో ఒక పెరటి కాలవ.

నా ఉద్యోగం అలాంటిది. ఊళ్ళో వాన పడితే ఆ నీళ్ళు ఏ కప్పు మీంచి ఏ వీధిలోకి, ఏ వీధిలోంచి ఏ కాలవలోకి పోతాయో, దారిలో ఎంత మురికి కడుక్కుపోతాయో కంప్యూటర్లో లెక్క కడతాను. ఊరిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత సిమెంటు, ఎంత మట్టి, వాలు ఎటు అని చెప్పి, పైనుంచి ఉత్తుత్తి వాన కురిపిస్తే తెర మీద నీలం గీతలు కదులుతాయి. దాన్ని మోడల్ అంటాం. మా అత్తగారు సత్యవతమ్మగారు మొదటిసారి చూసినప్పుడు, "అంత వాన పడుతోందే, లోపల తడవదా?" అని అడిగారు. ఆవిడ అమాయకంగా అడిగారో, ఎగతాళికి అడిగారో పదహారేళ్ళ కాపురం తర్వాత కూడా నాకు తెలీదు.

కొంటాలో ఒక పేట వాన నీళ్ళు శబరిలోకి ఎలా పోతున్నాయో, ఏం మోసుకుపోతున్నాయో లెక్క తేల్చే చిన్న పని మా ఆఫీసుకి వచ్చింది. మోడల్ ఇంట్లో కూర్చునే కట్టాను. అది నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో తెలియాలంటే అసలు వాన పడుతున్నప్పుడు అక్కడ నిలబడి కొలవాలి. జూన్‌లో బయల్దేరుతున్నానని చెప్పేసరికి అత్తగారు పెట్టె సర్దేశారు. దంతేశ్వరి అమ్మవారి మొక్కు ఉంది, బచేలిలో సొంత చెల్లెలు ఉంది. "నీకు వాన కావాలి, నాకు అమ్మవారు కావాలి. ఇద్దరూ అటే ఉన్నారుగా," అన్నారు. రాజమండ్రి నుంచి కొంటా ఒక్క పూట దారి. అత్తగారి వల్ల విశాఖ వెళ్ళి, కొండలన్నీ తిరిగి, బస్తర్‌ని వెనకనుంచి చుట్టుకుని చేరాం.

కిరండూల్ రైలు

విశాఖలో ఎక్కిన పాసింజరు అరకు దాటేదాకా ఒక్కో సొరంగంలోకి దూరినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా కేకలు పెట్టారు. మా అత్తగారు కూడా పెట్టారు. ఎదురు సీట్లో అప్పలనాయుడుగారని ఒక పెద్దాయన, బచేలి గనుల్లో పెద్ద పెద్ద యంత్రాలు నడిపి రిటైరైన మనిషి. ఊరు విజయనగరం వైపు. కాళ్ళ దగ్గర గోంగూర మూటలు, తడి గోనెలో చుట్టిన కరివేపాకు మొక్క, తాటి బెల్లం. బచేలిలో మనవాళ్ళ ఇళ్ళకి ఏది కావాలన్నా ఇలా ఎవరో ఒకరు మోసుకుపోవాల్సిందేనట.

మీరెందుకు వెళుతున్నారని ఆయన అడిగితే వాన కోసం అని చెప్పాను. ఆయన కాసేపు నన్ను, కాసేపు మా అత్తగారిని చూసి, "వాన కోసం టికెట్టు కొనుక్కుని ఎల్తన్నోళ్ళని ఇదే చూడ్డం, అమ్మా," అన్నాడు. దిగేటప్పుడు జాలిపడ్డాడో ఏమో, ఒక గోంగూర కట్ట మా సంచీలో పడేసి వెళ్ళాడు.

బచేలి

పిన్నత్తగారి క్వార్టర్సు పక్క క్వార్టర్సులాగే ఉంటుంది, అది దాని పక్కదానిలాగే ఉంటుంది. గుర్తు ఏమిటంటే కరివేపాకు చెట్టు అన్నారు. తీరా చూస్తే ప్రతి తెలుగువాళ్ళ గుమ్మంలోనూ కరివేపాకు చెట్టే. రెండు తప్పుడు తలుపులు తట్టాం. రెండో ఇంటివాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు, టీ తాగితే గానీ వదల్లేదు.

ఆ నేలే ఇనుము రంగు. తెల్ల పంచె అన్నది అక్కడ మాట వరసకే, రెండు ఉతుకులు పడితే లేత ఇటిక రంగుకి వచ్చేస్తుంది. సాయంత్రం ఒక జల్లు పడితే వాకిట్లో చిక్కటి ఎర్ర నీళ్ళు పారాయి. మొదటి నిమిషాల్లో వచ్చే నీళ్ళలోనే మురికంతా ఉంటుంది గనక నాకు ఆగలేదు, ఒక సీసాడు పట్టి, చల్లగా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టాను. పిన్నత్తగారు పొద్దున్నే దాన్ని చింతపండు రసమనుకుని చారులో వంచబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. అప్పట్నుంచీ నేను ఆ ఇంట్లో ఏది ఎక్కడ పెట్టినా ఆవిడ మూత తీసి వాసన చూశారు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి నాలుగేళ్ళయింది. ఆ రాత్రంతా మాట్లాడుకుంటారనుకున్నాను. తీరా చూస్తే హిందీ సీరియల్ పెట్టుకుని, చెల్లెలు అనువాదం చెబుతుంటే అక్క వింటూ కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు మాత్రం ఇద్దరూ బస్సు కదిలేదాకా కిటికీ ఊచలమీంచి చేతులు తియ్యలేదు.

దంతెవాడ

దంతేశ్వరి గుడిలోకి మగవాళ్ళు ప్యాంటుతో వెళ్ళకూడదు, పంచె కట్టాల్సిందే. బయట కట్టడం రాని ఉద్యోగస్తుల అవస్థ చూస్తుంటే దర్శనం అయ్యేదాకా పొద్దు తెలీలేదు. గుడి ముందు గరుడ స్తంభం ఉంది. దానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చుట్టి, వేళ్ళు కలిపితే కోరిక తీరుతుందట. మా అత్తగారి చేతులు కలవాలంటే స్తంభమైనా సన్నబడాలి. వెనకనుంచి ఎవరో ఒక పల్లెటూరి ఆవిడ, ముక్కూమొహం తెలియని మనిషి, ఈవిడ రెండు ముంజేతులూ పట్టుకుని బలంగా లాగి వేళ్ళు కలిపేసింది. తర్వాత ఈవిడ ఆవిడకి అదే సాయం చేశారు. ఏం కోరుకున్నారంటే చెప్పలేదు.

అసలు ముచ్చట నది దగ్గర జరిగింది. నా సంచీలో రంగు పొడి ఒక డబ్బీలో ఉంటుంది. కాలవలో నీళ్ళు ఎటు పోతున్నాయో అంతు చిక్కనప్పుడు చిటికెడు కలిపి, ఎక్కడ తేలుతుందో చూస్తాం. హాని చెయ్యదు. పొడిగా ఉంటే అచ్చం గంగ సింధూరం. నీటిలో పడితే చిలకపచ్చ. అత్తగారు తెల్లారి లాడ్జిలో అద్దం ముందు నిలబడి, కోడలి సంచీలో సింధూరం ఉందిగదా అని నిండుగా బొట్టు పెట్టుకున్నారు. నేను గమనించలేదు. దర్శనమయ్యాక శంఖిని, డంకిని నదులు కలిసేచోట దిగి దోసిళ్ళతో మొహం కడుక్కున్నారు. తలెత్తేసరికి నుదుటినుంచి చుబుకం దాకా పచ్చటి ధారలు.

గట్టున పూలమ్ముకునే ఆవిడ పరుగున వచ్చి, తన కొంగుతో తుడవబోయింది. కొంగు పచ్చగా అయింది. ఇంకాస్త నీళ్ళతో తుడిచింది, అప్పుడు ఇద్దరూ పచ్చగా అయ్యారు. ఆవిడ అక్కడి హల్బీ భాషలో ఏదో అంటోంది, అత్తగారు తెలుగులో ఏదో అంటున్నారు, ఒకరిది ఒకరికి అర్థం కాలేదు గానీ ఇద్దరూ కలిసి నన్నే తిడుతున్నారని మాత్రం నాకు అర్థమైంది. బుట్టలో పూలన్నీ కొన్నాను. సుక్మా బస్సులో అత్తగారి పక్క సీటు చాలాసేపు ఖాళీగానే ఉంది.

సుక్మాలో బేరం

సుక్మాలో బస్సు ఆగినప్పుడు రోడ్డు పక్కన ఆడవాళ్ళు ఆకు దొన్నెల్లో చిన్న చిన్న గుండ్రటివి, మట్టి అంటుకున్నవి, పెట్టుకుని కూర్చున్నారు. అత్తగారు బేబీ బంగాళాదుంపలు అనుకుని కిలో ఇమ్మన్నారు. రేటు విని, ఆవిడ సున్నా ఒకటి ఎక్కువ చెప్పిందనుకుని సరిదిద్దారు. అమ్మే ఆవిడ నవ్వింది. చుట్టుపక్కల వాళ్ళూ నవ్వారు. అవి బోడాలు, తొలి వానలకి సాల్ చెట్ల కింద భూమిలో పుట్టే పుట్టగొడుగులట. ఆ పది పదిహేను రోజులే దొరుకుతాయి, మటన్ కన్నా ఖరీదు. చివరికి ఒక్క దొన్నె కొన్నాం. అక్కడి జనం ఏడాదంతా వాన కోసం ఎదురుచూసేది వరి కోసమే కాదని, వీటికోసం కూడానని కండక్టరు చెప్పాడు. మా ఊళ్ళో వాన మొదలైతే మిరపకాయ బజ్జీలు గుర్తొస్తాయి. వీళ్ళ కథ ఇంకో మెట్టు పైన ఉంది.

కొంటా

కొంటాలో దిగగానే చెవులు తెరిపిన పడ్డాయి. టీ కొట్టు, మందుల షాపు, లారీ ఆపుకుని టైరు తన్ని చూసుకుంటున్న డ్రైవరు, అందరిదీ తెలుగే. కొలత గొట్టాలు పెట్టుకోడానికి చోటిస్తామన్న ఇల్లు బజారు వెనక ఉంది. వాళ్ళ తాతల కాలంలో ఖమ్మం వైపునుంచి వ్యాపారానికి వచ్చిన కుటుంబం. ఇప్పుడు అన్నది కిరాణా కొట్టు, తమ్ముడిది హార్డ్‌వేర్ షాపు. ఒకే ఆవరణలో పక్కపక్కన రెండు ఇళ్ళు, మధ్యన ఒక వేపచెట్టు, బావి, బావి పక్కగా నేలలోంచి పోయే మూత కాలవ. వీధి వాన నీళ్ళన్నీ ఆ కాలవలోకి దిగి, వెనక సందులో పైకి తేలి, శబరి వైపు పోవాలి. అన్నదమ్ముల తండ్రి బతికున్న రోజుల్లో ఇటిక, సున్నంతో సొంతంగా కట్టించుకున్న కాలవ అది. నా మోడల్లో ముఖ్యమైన గీత అదే.

పెద్ద కోడలు లక్ష్మక్క కొట్టులో కూర్చుంటుంది. దోర్లా తెగ ముసలమ్మ చింతపండు తెస్తే దోర్లీలో, లారీ వాళ్ళతో హిందీలో, సంత రోజున గోండిలో, మాతో తెలుగులో మాట్లాడుతుంది. చిన్న కోడలు పద్మకీ అన్నీ వచ్చు. అన్ని భాషలు వచ్చిన ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి ఒక్కటీ మిగల్లేదు. ఏడాది కావస్తోందట.

కారణం నీళ్ళే. వాన పడితే పద్మ వాకిట్లో మోకాళ్ళ దాకా నిలుస్తున్నాయి. లక్ష్మక్క తన వాకిట్లో మట్టి పోయించి ఎత్తు చేసుకుందని, అందుకే నీళ్ళన్నీ తన మీద పడుతున్నాయని పద్మ అంటుంది. పద్మ వాళ్ళ షాపు సామాను, ఇటిక ముక్కలు కాలవ నోట్లో పడి అది పూడిందని లక్ష్మక్క అంటుంది. నిరుడు వానల్లో పద్మ కూతురికి కామెర్లు వచ్చి భద్రాచలం ఆసుపత్రిలో పెట్టారు. అప్పట్నుంచీ మాటలు పూర్తిగా తెగాయి. బావి దగ్గర కూడా వంతులు. లక్ష్మక్క తెల్లవారుతూనే తోడుకుంటుంది, ఎండ పడ్డాక పద్మ వస్తుంది. ఇప్పుడు ఆవరణ మధ్యగా గోడ కట్టేయాలని పద్మ భర్త ఇటికలు దింపించాడు. ఈ వానలు కాస్త తగ్గగానే పని మొదలు. గోడ లేస్తే కాలవ మూసుకుపోతుంది, వీధి నీళ్ళు ఎటు పోతాయో ఎవరూ ఆలోచించలేదు.

ఇది తెలియక మేం లక్ష్మక్క ఇంట్లో దిగాం. మర్నాడు పద్మ మమ్మల్ని టిఫిన్‌కి పిలిచింది. లక్ష్మక్క మొహం చూసి, మధ్యాహ్నం అక్కడ, రాత్రి ఇక్కడ అని అత్తగారు ఒప్పందం చేశారు. నిష్పక్షపాతం పేరుతో మేం రోజుకి ఆరుసార్లు తిన్నాం. బోడాలు ఇద్దరికీ సగం సగం పంచి ఇస్తే ఇద్దరూ వండి మళ్ళీ మాకే పెట్టారు. బావి నీళ్ళు కొబ్బరి నీళ్ళలా ఉన్నాయని అత్తగారు సీసా నీళ్ళు మానేశారు.

తీర్పు

కంప్యూటర్ తెచ్చానని తెలిసిన దగ్గర్నుంచి ఇద్దరికీ నా మీద ఆశ పుట్టింది. మనుషులు తేల్చలేనిది అది తేలుస్తుందని. ఒక మధ్యాహ్నం వరండాలో లాప్‌టాప్ ముందు నేను, నాకు అటు లక్ష్మక్క, ఇటు పద్మ, వెనక కుర్చీలో న్యాయమూర్తిలా అత్తగారు.

"సత్యవతమ్మా, మట్టి పోయించిన సంగతి కూడా అందులో పెట్టమని చెప్పు," అంది పద్మ.

"ఇటికలు కూడా పెట్టమని చెప్పు," అంది లక్ష్మక్క.

నేనున్నది ఇద్దరికీ మధ్యలో. అయినా ఇద్దరూ వెనక్కి తిరిగి మా అత్తగారితో చెబుతారు, ఆవిడ అదే మాట గంభీరంగా నాకు చెబుతారు.

మొదట మ్యాపులోంచి లక్ష్మక్క మట్టి తీసేసి వాన కురిపించాను. పద్మ వాకిట్లో నీళ్ళు రెండు వేళ్ళు తగ్గాయి, అంతే. మట్టి మళ్ళీ పెట్టి, ఇటిక ముక్కలు తీసేశాను. అప్పుడూ అంతే. ఇద్దరి వల్లా అంత నీరు నిలవదని, అసలు కారణం ఇంకేదో ఉందని చెప్పాను. తర్వాత విడివిడిగా ఇద్దరూ ఒకే అనుమానం మా అత్తగారి చెవిన వేశారు. అవతలి ఇంట్లో కాఫీ బాగుంటుందేమో, అందుకే నీ కోడలు అట్ల చెప్పిందేమో అని.

మొదటి వాన

మర్నాడు మధ్యాహ్నం శబరి అవతలి గట్టు కనబడకుండా పోయింది. గొడుగు తిరగబడి, నేను కాలవ మొదట్లో, అత్తగారు రెయిన్‌కోటులో వెనక సందులో కాలవ చివర్లో. ఎంత ఎత్తున పారుతోందో కర్ర మీద చూసి ఫోన్లో చెప్పడం ఆవిడ పని. "కోపంగా పోతున్నాయి," "ఇప్పుడు నెమ్మదించాయి," అని చెప్పేవారు. గీతలు చూసి చెప్పండి అత్తయ్యా అంటే గీతలు తడిసిపోయాయన్నారు. నేనే అటూ ఇటూ పరిగెత్తి కొలుచుకున్నాను. ఒకసారి బురదలో కూర్చున్నాను కూడా. దాన్ని పద్మ షాపులో పనివాళ్ళంతా చూశారు.

రాత్రి భోజనాలకి ముందు లెక్క వేశాను. కాలవలోకి దిగిన నీళ్ళు నా మోడల్ చెప్పినట్టే దిగాయి. వాకిట్లో నిలిచినవి కలుపుకున్నా, చివర్లో బయటికి రావలసినంత రాలేదు. మోడల్లో కాలవ అంటే గట్టి గొట్టం, ఒక చివర పోసింది రెండో చివర రావాలి. ఇక్కడ దారిలో నీళ్ళు మాయమవుతున్నాయి. ఇన్నేళ్ళలో నా మోడల్ తప్పయిన సందర్భాలు చాలా ఉన్నాయి, కానీ అప్పుడెప్పుడూ నా తప్పుకి ఇంత భయపడలేదు. ఎందుకంటే కాలవ దారిలో ఉన్నది ఒక్కటే, బావి. అనుమానం ఊరికే బయటపెడితే ఆ ఇంట్లో ఇంకో గొడవకి నేనే నిప్పు పెట్టినట్టవుతుంది. రుజువు చూసుకుని చెబుదామనుకున్నాను. ఆ పూటకి మాత్రం, సీసా నీళ్ళు తాగుదాం అత్తయ్యా, కడుపు తేడాగా ఉంది అని ఆవిడకి చెప్పాను. రెండు ఇళ్ళలోనూ పిల్లకి, పెద్దలకి కాచిన నీళ్ళే ఇమ్మని, వానాకాలం గదా అని చెప్పి వచ్చాను. ఇద్దరూ సరేనన్నారు. ఎవరు కాచారో ఎవరు కాచలేదో నాకు తెలీదు.

రెండో వాన

ఆ మర్నాడు సాయంత్రం మళ్ళీ పడింది. ఇద్దరినీ పిలిచి, రంగు వేస్తున్నానని, అది విషం కాదని, ఎక్కడ పచ్చగా కనిపిస్తే నీళ్ళు అక్కడికి పోతున్నట్టని చెప్పి, వాళ్ళ ఎదురుగానే పొడి కాలవ నోట్లో కలిపాను. విషం కాదనడానికి సాక్ష్యంగా అత్తగారు తన నుదురు చూపించారు. ఇంకా కాస్త పచ్చదనం మిగిలే ఉంది.

వెనక సందులో చాలాసేపు కాచుకున్నాం. వచ్చిన నీళ్ళు లేత పచ్చగా వచ్చి, తెల్లబడిపోయాయి. వేసిన రంగులో సగం కూడా రాలేదు. రెండు ఇళ్ళ మగవాళ్ళూ షాపులు కట్టేసి వచ్చి చూసి, ఇంత దూరం వచ్చి వాన నీళ్ళకి రంగు వేసి ఆడుకుంటున్న మనిషిని ఏమనాలో తెలియక, టీ తాగుతారా అని అడిగారు. చీకటి పడేదాకా బావిలోకి టార్చి వేసి చూస్తూనే ఉన్నాను. నీళ్ళు మామూలుగానే ఉన్నాయి. నా అనుమానమే తప్పేమో అనుకుని, అలా అయితే బాగుండునని కూడా అనుకుని పడుకున్నాను.

బావి దగ్గర

తెల్లవారుతుండగా నోట్లో బ్రష్‌తో వరండాలోకి వచ్చాను. లక్ష్మక్క బావి దగ్గరే ఉంది. చేద పైకి వచ్చి, గట్టు మీద ఉంది. అందులో నీళ్ళు చిలకపచ్చగా మెరుస్తున్నాయి.

నేను పరిగెత్తబోయి ఆగాను. ఆవిడ కేక పెట్టలేదు, నా వైపు చూడలేదు. బిందె తీసుకుని లోపలికీ వెళ్ళలేదు. చేద మీద చెయ్యి అడ్డంగా పెట్టి అలాగే నిలబడింది. ఆవిడ వంతు అయిపోయింది, ఎండ కాస్త కాస్త గోడ దిగుతోంది, ఆవిడ కదల్లేదు. పద్మ బిందె చంకన పెట్టుకుని వచ్చి, బావి దగ్గర తోడికోడల్ని చూసి, వెనక్కి తిరగబోయింది.

"పద్మా, ఆగు," అంది లక్ష్మక్క. "పిల్లకి ఈ నీళ్ళు పట్టకు."

పద్మ దగ్గరికి వచ్చి చేదలోకి చూసింది. నిన్న నా చేతిలో చూసిన రంగు. తనకి అర్థం కావడానికి నా వివరణ ఏమీ అక్కర్లేకపోయింది. వీధిలో పేడ, సంతలో కోళ్ళు కోసి కడిగిన నీళ్ళు, కొట్టు ముందు ఒలికిన కిరసనాయిలు, అన్నీ ఈ రంగు వచ్చిన దారినే వచ్చి ఉంటాయి. ఇప్పటిదాకా వాటికి రంగు లేదు, అంతే. బిందె కింద పెట్టి గట్టు మీద కూర్చుండిపోయింది.

"నిరుడు కూడా ఇవే పట్టిన," అంది. "కామెర్లు వచ్చినంక కూడా, మంచినీళ్ళని ఇవే ఆసుపత్రికి తీస్కపోయిన."

లక్ష్మక్క పక్కన కూర్చుంది. "నేను భద్రాచలం వచ్చిన అప్పుడు. గేటు దాకా వచ్చి మళ్ళిన. నువ్వు ఏమంటవో అని."

"నువ్వు కూడా తాగకు అక్కా," అంది పద్మ. "నీకు కడుపునొప్పి వస్తదంట గదా. బావ చెప్పిండు."

నా నోట్లో పేస్టు ఎండిపోయింది. మా అత్తగారు ఎప్పుడు వచ్చారో నా వెనకే ఉన్నారు. ఈ నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో నీళ్ళు మాకంటే ఎక్కువ ఎవరూ పొగడలేదు. ఆవిడ చాలా నెమ్మదిగా నా చెవిలో, "మొన్నటిదాకా ఎన్ని గ్లాసులు తాగానే?" అని అడిగారు.

ఆ తర్వాత నా బతుకు మామూలుగా లేదు. నిన్నటిదాకా మాట్లాడుకోని ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. అనుమానం ఉంటే మొన్ననే ఎందుకు చెప్పలేదని ఒకరు, కాచుకోమని అట్ల మెత్తగా చెబితే ఎవరికి ఎక్కుతుందని ఇంకొకరు. ఇప్పుడు అందరూ ఏం తాగాలని ఇద్దరూ కలిసి అడిగారు. వీధి చివర ప్రభుత్వ కుళాయి ఉంది. ఇద్దరూ బిందెలు తీసుకుని కలిసే వెళ్ళారు, కలిసే వచ్చారు. దారిపొడుగునా నన్ను తిట్టుకుంటూనే వచ్చారని కుళాయి దగ్గరి వాళ్ళు చెప్పారు.

మధ్యాహ్నం అన్నదమ్ములు కాలవ మీది రాళ్ళు లేపించారు. బావికి జానెడు దూరంలో వేప వేరు ఒకటి మనిషి తొడంత లావున కాలవ గోడని తోసుకుని లోపలికి వచ్చింది. దాని చుట్టూ సున్నం రాలిపోయి గుహలా అయింది. నీళ్ళు కొన్ని దానికి కొట్టుకుని వెనక్కి తన్ని పద్మ వాకిట్లో నిలుస్తున్నాయి, కొన్ని గుహలోంచి బావిలోకి దిగుతున్నాయి. మట్టి పోసినావిడ తప్పూ కాదు, ఇటిక ముక్కల తప్పూ కాదు. తమ్ముడు గుంటలోకి చూస్తూ, గోడకని తెచ్చిన ఇటికలు కాలవకి సరిపోతాయా అని అన్నని అడిగాడు. అన్న లెక్క వేసి, సరిపోతాయన్నాడు.

ఇంటికి

శబరి వంతెన దాటి చింతూరు, అక్కడినుంచి మారేడుమిల్లి ఘాటు. అత్తగారు దారంతా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు. వెదురు చికెన్ వాసనకి కూడా తల తిప్పలేదు. గరుడ స్తంభం దగ్గర ఏం కోరుకున్నారో అప్పుడు అడిగాను. నాకు వాన పడాలని కోరుకున్నారట. పడిందిగా అంటే, కోరిక కాస్త వివరంగా కోరుకోవాల్సింది అన్నారు.

సీసాల్లో తెచ్చిన బావి నీళ్ళు పరీక్షకి పంపితే, మురుగు కలిసిన నీళ్ళలో ఏముండాలో అదే ఉందని వచ్చింది. పద్మ కూతురికి భద్రాచలంలో మళ్ళీ చూపించారు, ఈసారి ఏమీ లేదని చెప్పారట. మోడల్లో నేను ఆ కాలవని మార్చి రాశాను. గట్టి గొట్టం అనుకున్నచోట కారే గొట్టం పెట్టాను, పక్కన బావి గుర్తు పెట్టాను. ఇలాంటి మూత కాలవల పక్కన ఇంకెన్ని బావులున్నాయో తెలియాలంటే పేట మొత్తం మళ్ళీ తిరగాలని మా ఆఫీసులో చెప్పాను. చూద్దామన్నారు.

పోయిన ఆదివారం లక్ష్మక్క ఫోన్ చేసింది. కొత్త కాలవ సగం కట్టారట. బావి మీద జాలీ వేసి, బాగుచేసి, మళ్ళీ పరీక్ష అయ్యేదాకా ఎవరూ తాగకుండా తాళం పెట్టారట. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది తేలలేదు. కాలవ చివరని తన గుమ్మం దగ్గర్నుంచి అవతలికి తిప్పాలని ఆవిడ, అట్ల తిప్పితే తన షాపు సామాను తడుస్తుందని పద్మ. కంప్యూటర్లో ఒకసారి వాన పోసి చూసి ఎటు తిప్పాలో చెప్పమంది. నేను చెప్పబోయేలోపు పక్కనుంచి పద్మ ఫోన్ లాక్కుని, అక్క మాట వినొద్దు అంది. అక్క ఫోన్ వెనక్కి లాక్కుంది. తర్వాత ఇద్దరూ నన్ను మర్చిపోయి, ఒకరితో ఒకరు నేరుగా, చాలా గట్టిగా, చాలాసేపు పోట్లాడుకున్నారు. మా అత్తగారు స్పీకర్ పెట్టమని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఫోన్ ఎవరూ పెట్టెయ్యలేదు.